సూదుల పుస్తకం

మా క్రాఫ్టు టీచరు గారి బీరువాలో ఒక పాత రేకు డబ్బా ఉండేది. అందులో చిన్నా పెద్దా దబ్బనాలు, మైనం పట్టించిన దారపు ఉండలు, మొన అరిగిన కత్తెరలు, అంకెలు చెరిగిపోయిన చెక్క స్కేలు, కాగితం మడతల మీద రుద్దడానికి ఆవిడ వాడే ఒక చెంచా ఉండేవి. ఆ డబ్బా మూత తీయగానే వచ్చే మైనం వాసన ఇన్నేళ్ళ తర్వాత మొన్న మళ్ళీ మా ఇంట్లో వచ్చింది. మా అమ్మాయి తన బడిలో పనిచేసేవాళ్ళకు ఏదో ఒకటి తన చేతులతో చేసి ఇస్తానని రంగు కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని దారాన్ని కొవ్వొత్తి ముక్క మీదుగా లాగి మైనం పట్టిస్తూ ఉండగా, ఏడో తరగతిలోని ఆ మూడు వారాలు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. అవి మరుగున పడకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

అక్టోబరు 5 ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం. ఉపాధ్యాయుల హక్కుల గురించి, బాధ్యతల గురించి యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి తయారుచేసిన సిఫారసు పత్రాన్ని 1966లో అదే తేదీన ఆమోదించారు. దాని గుర్తుగా 1994 నుంచి ఏటా ఆ రోజును జరుపుతున్నారు. ఈ సంగతి మాకు చెప్పింది క్రాఫ్టు టీచరు గారే. అంతకుముందు రెండేళ్ళు మేము ఆ రోజున టీచర్లందరికీ గ్రీటింగు కార్డులు చేసి ఇచ్చాము. ఆ ఏడు మాత్రం ఆవిడ చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద తొమ్మిది అంకెలు వేసి, "పాఠం చెప్పనివాళ్ళు మన బడిలో ఎంతమంది ఉన్నారో చెప్పండి" అన్నారు. గంట కొట్టే తాత, ఆయమ్మ, లైబ్రరీ సారు, లాబ్ అసిస్టెంటు, తోటమాలి, వాచ్‌మన్, ఆఫీసు గుమాస్తా గారు, గదులు ఊడ్చే ఇద్దరు అక్కలు. మేము ఒక్కొక్కరినీ చెబుతుంటే ఆవిడ అంకెల పక్కన రాస్తూ పోయారు. తొమ్మిది నిండాక, "ఈసారి మన చేతిపని వీళ్ళకోసం. టీచర్లకు ఒక రోజంటూ ఉంది. మీరు రాకముందే వచ్చి తలుపులు తీసేవాళ్ళకు మనమే ఒక రోజు చూడాలి" అన్నారు.

మేము ముప్పై ఆరు మందిమి. నలుగురేసి చొప్పున తొమ్మిది జట్లు చేశారు. నాకు ఆయమ్మ వచ్చింది. అందరమూ వెంటనే ఏమేమి చేయాలో చెప్పడం మొదలుపెట్టాము: పూలసజ్జ, గోడకు తగిలించే బొమ్మ, మెరుపు కాగితాల దండ. ఆవిడ ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒక వారం రోజులు ఏమీ చేయవద్దని, ఊరికే చూడమని చెప్పారు. "వాళ్ళ చేతుల్లో ఏముంటుందో చూడండి. దేనికోసం వెతుక్కుంటారో చూడండి. ఏది లేక సర్దుకుపోతున్నారో చూడండి." ఆ మాట అప్పుడు మాకు నిరుత్సాహంగానే తోచింది. కత్తెర పట్టుకుందామని ఉవ్విళ్ళూరే పిల్లలకు వారం రోజులు చూస్తూ కూర్చోమంటే ఎలా ఉంటుంది? కానీ ఆ వారం లేకపోతే మిగతా రెండు వారాల పనికి విలువ లేదని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

చూడగా చూడగా ఒక్కో సంగతీ బయటపడింది. గంట తాత చంకలో నోటీసు పుస్తకం పెట్టుకుని గది గదికీ తిరిగేవాడు. టీచరు అందులో సంతకం పెట్టేదాకా గుమ్మం దగ్గర నిలబడేవాడు. కలం చెవి వెనక ఉండేది. వాన పడే రోజుల్లో పుస్తకాన్ని చొక్కా లోపల దాచుకుని వరండా దాటేవాడు, అయినా సంతకాల సిరా అలుక్కుపోయేది. లాబ్ అసిస్టెంటు పగిలిన గాజు గొట్టాల లెక్కను అరచేతి మీద రాసుకుని, చేతులు కడుక్కున్నాక ఆ లెక్క కోసం తలపట్టుకునేవాడు. తోటమాలి ఎండబెట్టిన విత్తనాలను పాత పరీక్ష కాగితాల్లో పొట్లాలు కట్టి కిటికీలో పెట్టేవాడు. ఏ పొట్లంలో ఏముందో విప్పి చూస్తే తప్ప ఆయనకే తెలిసేది కాదు. లైబ్రరీ సారు చదువుతున్న పుస్తకంలో గుర్తుకోసం చిరిగిన కాగితపు పేలిక పెట్టేవారు.

ఆయమ్మ చీర కొంగు చివర ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు, రెండు సూదులు గుచ్చి ఉండేవి. ఒక సూదికి తెల్లదారం, ఇంకో సూదికి నల్లదారం. ఆటల పీరియడు అయ్యాక ఆమె దగ్గర వరుస కట్టేవాళ్ళం. ఎవరికో గుండీ ఊడేది, ఎవరికో లంగా అంచు చిరిగేది, ఎవరికో కాల్లో ముల్లు దిగేది. ఆమె మెట్టు మీద కూర్చుని, కాలిని ఒళ్ళో పెట్టుకుని, సూది మొనతో ముల్లు చుట్టూ చర్మాన్ని మెల్లగా ఎత్తుతూ, ఆ రోజు ఏం పాఠం చెప్పారని అడుగుతూ ఉండేది. జవాబు చెప్పడం పూర్తయ్యేలోపు ముల్లు ఆమె గోటి మీద ఉండేది. అదే సూదులు పనిలో వంగినప్పుడు ఆమెకే గుచ్చుకునేవి. ఆ సంగతి మా జట్టులో ఒక పిల్ల గమనించింది. మోచేతి దగ్గర సన్నటి ఎర్ర గీతలు చూసి ఏమిటని అడిగితే, "నా సూదులే తల్లీ, నన్నే గుచ్చుతాయి" అందట.

దాంతో మా జట్టు ఏం చేయాలో తేలిపోయింది. సూదులు పెట్టుకునే పుస్తకం. బయట గుడ్డ అట్టలు, లోపల కాగితాలకు బదులు ఫెల్టు గుడ్డ పేజీలు, మూయడానికి ఒక గుండీ, ఒక దారపు ముడి.

మిగతా జట్ల పనులూ ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ జరిగేవి కనుక అన్నింట్లోనూ అందరమూ చేయి పెట్టాము. లాబ్ అసిస్టెంటుకు చొక్కా జేబులో పట్టే నోటు పుస్తకం కుట్టాలని ఆ జట్టు అనుకుంది. అప్పుడే టీచరు గారు మాకు కాగితానికి కూడా ఒక దారి ఉంటుందని చెప్పారు. కాగితం యంత్రంలో తయారయ్యేటప్పుడు తడిగా ఉన్న గుజ్జు కదులుతున్న జల్లెడ మీద పరుచుకుంటుంది. అది కదిలే వైపుకే పీచులో ఎక్కువ భాగం తిరిగి సర్దుకుంటుంది. ఆ దారి వెంట మడిస్తే మడత నున్నగా పడుతుంది, అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది. ఒక కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి, ఎటు సులువుగా వంగుతుందో మా అరచేతులతోనే తెలుసుకోమన్నారు. చించి చూసినా తెలుస్తుంది: దారి వెంట చిరుగు తిన్నగా వస్తుంది, అడ్డంగా అయితే వంకరలు పోతుంది.

మామూలు ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. దాని దారి సాధారణంగా పొడవు వైపుకే ఉంటుంది. దాన్ని ఒక్కసారి మడిచి పుస్తకం చేస్తే వెన్ను దారికి అడ్డం పడుతుంది, అందుకే ఆ పుస్తకం తెరిచినప్పుడు తనంత తానే మూసుకోవాలని చూస్తుంది. అదే ఏ4ను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ మధ్యకు మడిస్తే, వెన్నూ దారీ ఒకే వైపుకు వస్తాయి. పుస్తకం 105, 148 మిల్లీమీటర్ల కొలతకు తగ్గి జేబులో పడుతుంది, బల్ల మీద పెడితే చెప్పినట్టు తెరుచుకుని ఉంటుంది. రెండు రకాలూ చేసి మా ముందు పెట్టినప్పుడు, ఒకే కాగితం అంత తేడాగా ఎలా మెలగుతుందని ఆశ్చర్యపోయాము. అంత చిన్న విషయాన్ని అంత శ్రద్ధగా పన్నెండేళ్ళ పిల్లలకు చెప్పినందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కుట్టడం మాత్రం ఆవిడ నా చేతే చేయించారు. ఎనిమిది సగం కాగితాలను ఒక్కొక్కటిగా మడిచి, చెంచా వెనుక వైపుతో మడత మీద గట్టిగా రుద్ది, ఒకదానిలో ఒకటి దూర్చాము. పదహారు ఆకులు, ముప్పై రెండు పేజీలు. పైన కాస్త మందమైన కాగితం అట్టగా వేశాము. తెరిచిన పుస్తకాన్ని పాత టెలిఫోను డైరెక్టరీ మధ్యలోని లోయలాంటి చోట పెట్టి, మడత గీత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచాము: నడుమ ఒకటి, పైకొకటి, కిందికొకటి. దారం పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు. లోపలి నుంచి నడిమి రంధ్రంలో సూది బయటికి తీయాలి. పై రంధ్రంలో లోపలికి రావాలి. లోపలే నడిమి రంధ్రాన్ని దాటుకుని తిన్నగా కిందికి వెళ్ళి, కింది రంధ్రంలో బయటికి పోవాలి. అక్కడి నుంచి మళ్ళీ నడిమి రంధ్రంలో లోపలికి. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపల నడుమ కలుస్తాయి. వాటి మధ్య నుంచి ఆ పొడుగాటి దారం పోతూ ఉంటుంది. ఒక కొస దానికి ఇటు, ఇంకో కొస అటు ఉండేలా చూసుకుని ముడి వేయాలి. కొసలు రెండూ ఒకే వైపు ఉంటే ముడికి పట్టు ఉండదు, వారం తిరగకుండా కుట్టు వదులవుతుంది. నేను మొదటిసారి అలాగే వేశాను. టీచరు గారు ఏమీ అనకుండా పుస్తకాన్ని తెరిచి పట్టుకుని మెల్లగా లాగారు. దారం జారడం నా కళ్ళతో నేనే చూశాను. విప్పి మళ్ళీ కుట్టాను. మైనం పట్టించిన దారం రంధ్రంలోంచి వచ్చేటప్పుడు చేసే చిన్న కీచు శబ్దం, లాగుతున్నప్పుడు వేలి మీద పడే ఎర్రటి గాటు, ముడి బిగిసినప్పుడు పదహారు ఆకులు ఒక్కటై చేతికి తగలడం ఇప్పటికీ నాకు జ్ఞాపకం.

గంట తాతకు వేసిన అట్ట సంచి మాత్రం మా అందరికీ పెద్ద పరీక్ష పెట్టింది. రెండు గట్టి అట్టలు, వాటి మధ్య గుడ్డ వెన్ను, వాన తగలకుండా మూడు వైపులా మడిచే గుడ్డ రెక్కలు, కుడి అంచున కలం దూర్చుకునే గుడ్డ పట్టీ. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని కుడి చేత్తో కలం అందిస్తాడు కాబట్టి పట్టీ కుడి వైపే ఉండాలని ఆ జట్టులోని ఒక కుర్రవాడు పట్టుబట్టాడు. పట్టుబట్టడానికి అతనికి హక్కు ఉంది, వారం రోజులు అందరికంటే శ్రద్ధగా చూసినవాడు అతనే. రెక్కల గుడ్డకు ముందే కొవ్వొత్తి రుద్ది, కాగితం వేసి పైనుంచి తక్కువ వేడితో ఇస్త్రీ చేశాము. మైనం పోగుల్లోకి ఇంకింది. దాని మీద చల్లిన నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోయాయి.

జిగురు మేమే కాచాము. మైదా ఒక వంతుకు నీళ్ళు ఐదు వంతులు. ముందు చల్లని నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద కలుపుతూ ఉంటే, తెల్లటి నీళ్ళు ఒక్కసారిగా చిక్కబడి గాజులా మెరుపు తేలతాయి. బైండింగు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో కాస్త మైలుతుత్తం వేస్తారట. అది విషం కనుక పిల్లల చేతికి ఇవ్వనని చెప్పి, టీచరు గారు రెండు రోజులకొకసారి కొత్త జిగురే కాయించారు. ఆ జిగురుతో అట్టల బయటివైపు రంగు కాగితం అంటించి, చాలా బాగా వచ్చిందని మురిసిపోయి ఇళ్ళకు వెళ్ళాము. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే రెండు అట్టలూ దొప్పల్లా వంగి ఉన్నాయి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను తనవైపుకు లాక్కుంటుంది. లాగేది ఒకవైపే అయితే అట్ట ఆ వైపుకే వంగుతుంది. అంతేకాక మా గుడ్డ పలుచనిది కావడంతో జిగురు పైకి ఇంకి వెన్ను మీద మరకలు కట్టింది. ఆ జట్టు పిల్లలకు ఏడుపొక్కటే తక్కువ.

టీచరు గారు ఆ అట్టలను పారేయనివ్వలేదు. లోపలివైపు కూడా అదే దారిలో కాగితం అంటించి, పైనా కిందా పాత కాగితాలు వేసి, లైబ్రరీ నుంచి తెచ్చిన బరువైన నిఘంటువుల కింద రెండు రాత్రులు ఉంచారు. బయటి కాగితం లాగినంత బలంగా లోపలి కాగితమూ లాగింది, అట్ట సరిగ్గా నిలబడింది. మరకల గుడ్డ మాత్రం మార్చక తప్పలేదు. ఈసారి గుడ్డ వెనక ముందుగా పలుచని కాగితం అంటించి ఆరనిచ్చాకే వెన్నుకు వాడాము. రెండు అట్టల నడుమ ఎంత ఖాళీ వదలాలో కూడా అప్పుడే తెలిసింది: లోపల పెట్టే పుస్తకం మందం, దానికి రెండు అట్టల మందం కలిపినంత. మొదటిసారి మేము కేవలం పుస్తకం మందమే వదిలాము. అలాగే ఉంచేస్తే అది ఎప్పటికీ సరిగ్గా మూసుకునేది కాదు. మరకలు పడటమే మంచిదయింది.

లైబ్రరీ సారుకు చేసినవి అన్నిటికంటే అందమైనవి, అన్నిటికంటే పనికిరానివి. సన్నటి కాగితపు పట్టీలను చుట్టలుగా చుట్టి, నొక్కి రేకులుగా మలిచి, వాటితో పూలు అంటించిన పన్నెండు పుస్తక గుర్తులు. పట్టీ మూడు మిల్లీమీటర్ల వెడల్పు. నిలబెట్టి అంటించే పని కాబట్టి పువ్వు కూడా మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని పుస్తకంలో పెట్టి మూస్తే పుస్తకం మూసుకోదు, గట్టిగా నొక్కితే పేజీల మీద గుంటలు పడతాయి. ఇవ్వడానికి రెండు రోజుల ముందు ఒక పిల్ల తన పుస్తకంలో పెట్టి చూసుకునేదాకా మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. చేతిపనిలో ఇది నేను ఇప్పటికీ తరచుగా చూసే పొరపాటు: చేయడంలోని ఆనందంలో, పుచ్చుకునేవాళ్ళు దాన్ని ఏం చేసుకుంటారన్నది మరిచిపోతాము. ఆ జట్టు ఆ రెండు రోజుల్లోనే మందపాటి కాగితంతో బొమ్మలూ పూలూ లేని ఇరవై నాలుగు గుర్తులు కోసి, ఒక్కోదాని మీద ఎండిన గడ్డిపోచ ఒకటి అంటించింది.

ఆ గడ్డిపోచలు, పలుచని రేకుల పూలు మేము మొదటి వారంలోనే ఏరి పాత వార్తాపత్రికల మధ్య పెట్టి బరువుల కింద ఉంచినవి. పూలు పూర్తిగా ఆరడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మొదట్లో కాగితాలు మారుస్తూ ఉండాలి. మందమైన పూలన్నీ నల్లబడి బూజు పట్టాయి. గడ్డిపోచలు, ఆకులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు నిలిచాయి. తోటమాలికి మడిచిన విత్తనాల కవర్ల మీద కూడా అవే అంటించారు, కింద పేరు రాసుకోవడానికి ఒక గీత వదిలారు. ప్లాస్టిక్ కవర్లు చేద్దామని ఒకరు అంటే, విత్తనంలో మిగిలిన తేమ బయటికి పోవాలంటే కాగితమే మంచిదని టీచరు గారు చెప్పారు. జిగురు చుక్కైనా లేకుండా, ఒకే కాగితాన్ని మడతలతోనే మూసే కవర్లు అవి. ఒక పిల్లవాడు నలభై చేశాడు. వాచ్‌మన్‌కు, గుమాస్తా గారికి, ఊడ్చే అక్కలకు చేసినవాటి గురించి నాకు అంతగా జ్ఞాపకం లేదు. బహుశా అప్పటికి నేను నా సూదుల పుస్తకంలో పూర్తిగా మునిగిపోయి ఉంటాను.

అది అరచేతిలో పట్టేంత. బయట ముదురు నీలం గుడ్డ, లోపల రెండు ఫెల్టు పేజీలు. ఫెల్టు అంచు ఎలా కోసినా పోగులు ఊడవు కనుక అంచు కుట్టే పని లేదు. వెన్ను నోటు పుస్తకానికి వేసిన మూడు రంధ్రాల కుట్టే. అట్ట మీద పేరు ఎర్రదారంతో గొలుసు కుట్టు వేయాలని అనుకున్నాము. మన అక్షరాల గుండ్రతనానికి గొలుసు కుట్టు బాగా ఒదుగుతుంది, చిన్న చిన్న గొలుసులు వంపు ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. కుట్టు పెద్దదయితే మాత్రం వంపు విరిగి అక్షరం మూలలు తేలుతుంది. తలకట్టు టిక్కు గుర్తులా మొనదేలి ఉంటుంది కనుక దానికి వేరే కుట్టు వేయాలి, వత్తు ఉంటే కింద చోటు వదలాలి. ఇదంతా చెప్పి, గుడ్డ మీద అక్షరాలు గీయడానికి టీచరు గారు పెన్సిలు తీసుకుని అడిగారు: "ఆమె పేరేమిటి?"

నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. నేను "ఆయమ్మ" అన్నాను.

"అది ఆమె చేసే పని. పేరు అడిగాను."

తరగతి అంతా నిశ్శబ్దంగా అయిపోయింది. ఆరేళ్ళుగా ఆమె నా గుండీలు కుట్టింది. ఒకటో తరగతిలో నేను ఏడుస్తూ గేటు దగ్గర కూర్చున్న రోజున ఎత్తుకుని గదిలోకి తీసుకువెళ్ళింది. ఆమె పేరు నాకు తెలియదు. నాకే కాదు, ముప్పై ఆరు మందిలో ఒక్కరికీ తెలియదు. టీచరు గారు బోర్డు మీది తొమ్మిది మందివీ ఒక్కొక్కటిగా అడిగారు. మాకు వచ్చినవి రెండే పేర్లు. ఒకటి లైబ్రరీ సారుది, గది బయట పలక మీద ఉంటుంది. రెండోది గుమాస్తా గారిది, ఆయన బల్ల మీద ఉంటుంది. మిగతా ఏడుగురి పేర్లు ఎక్కడా రాసి లేవు, మేము ఎన్నడూ అడగలేదు. వారమంతా వాళ్ళ చేతుల్ని చూసినా మాకు ఆ ప్రశ్న తట్టలేదు. టీచరు గారు మమ్మల్ని తిట్టలేదు. తనకు కూడా ఏడింటిలో మూడే తెలుసునని నిజం చెప్పారు. ఆ నిజాయితీ మాకు తిట్లకంటే ఎక్కువగా తగిలింది.

నేరుగా అడిగితే బహుమతి సంగతి తెలిసిపోతుందని, మా నలుగురినీ ఆఫీసు గదికి పంపారు. గుమాస్తా గారు ఎందుకని అడిగారు. చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. లేచి బీరువా తెరిచి, పొడుగాటి జీతాల రిజిస్టరు తీసి, కొన్ని గళ్ళను కాగితంతో కప్పి, పేరు ఉన్న గడి ఒక్కటే మాకు కనిపించేలా పట్టుకున్నారు. ఐదు అక్షరాలు, ఒక వత్తు. పక్కన ఆమె సంతకం. అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, గట్టిగా నొక్కి రాసినవి. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవచ్చా అని ఆమెను అడిగే వీలు ఇప్పుడు నాకు లేదు.

ఐదు అక్షరాలకు ఆరు పీరియడ్లు పట్టింది. వత్తు రెండుసార్లు విప్పాను. ఎంత విప్పి కుట్టినా అది ఉండవలసిన దానికంటే పెద్దదిగానే వచ్చింది, ఇక గుడ్డ చిరుగుతుందని టీచరు గారు వద్దన్నారు.

అక్టోబరు 5న ప్రార్థన అయ్యాక అందరినీ వేదిక మీదికి పిలిచి ఇద్దామని కొందరు టీచర్లు అన్నారట. క్రాఫ్టు టీచరు గారు ఒప్పుకోలేదు. ఎవరు ఎక్కడ పనిచేస్తారో అక్కడికే వెళ్ళి ఇవ్వమన్నారు. గంట తాత అట్ట సంచి తీసుకుని, ముందు చెవి వెనక నుంచి కలం తీసి పట్టీలో దూర్చి చూశాడు. సరిగ్గా పట్టింది. ఆ కుర్రవాడి మొహం చూడాలి అప్పుడు. లైబ్రరీ సారు గడ్డిపోచల గుర్తులు బల్ల మీద పెట్టుకుని, మేము దాచేసిన పూల గుర్తుల సంగతి ఎలాగో తెలుసుకుని వాటినీ అడిగి తీసుకున్నారు. నేను పై తరగతికి వెళ్ళి బడి మారేవరకు అవి ఆయన అద్దాల బీరువాలో వరుసగా నిలబెట్టి ఉన్నాయి.

ఆయమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. పుస్తకం చేతికిచ్చాను. తెరవలేదు. అట్ట మీది అక్షరాల మీద బొటనవేలు మెల్లగా జరిపింది, మొదటి నుంచి చివరిదాకా, మళ్ళీ మొదటి నుంచి.

"ఇది నా పేరే కదా తల్లీ" అంది. "నెలకొకసారి రిజిస్టరులో రాస్తాను. ఇవి ఒక్కటే నాకు వచ్చిన అక్షరాలు." కాసేపాగి వత్తు మీద వేలు పెట్టి, "ఇదెవరు కుట్టారు?" అని అడిగింది. నేనేనన్నాను. పెద్దదయిందని కూడా చెప్పాను. "నాకూ ఇదొక్కటే కుదరదు" అంది.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బడిలో రాసుకున్న పేరు ఇది గానీ, తన అమ్మ తనను ఇలా పిలిచేది కాదని చెప్పింది. అమ్మ పిలిచే పేరు కూడా చెప్పింది. రెండక్షరాల పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరంది. కొంగు చివరి సూదులు ఒక్కొక్కటిగా తీసి ఫెల్టు పేజీలో గుచ్చింది, పిన్నీసులు రెండో పేజీలో. గుండీ పెట్టి, పుస్తకాన్ని బొడ్డులో దోపుకుంది.

నాలుగైదు రోజులకు ఆటల పీరియడులో నా చొక్కా గుండీ ఊడింది. వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక ఆమె సూదుల పుస్తకం తీసి, తెల్లదారం సూది చేతిలోకి తీసుకుంది. దారం అయిపోయి ఉంది. కొత్త దారం తెంచి, కొస తడిచేసి, సూదిని వెలుగుకు పట్టి మూడుసార్లు ప్రయత్నించింది. రంధ్రం ఆమెకు కనబడటం లేదు. అప్పటిదాకా ఆ సంగతి కూడా మాకు తెలియదు. నేను సూది అడిగి తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి సోమవారం పొద్దున బడి గంట కొట్టకముందే వెళ్ళి, రెండు సూదులకూ పొడుగాటి దారాలు ఎక్కించి, పుస్తకంలో గుచ్చి వచ్చేదాన్ని.